పావగడ మీదుగా క్యాతగానచెర్లుకు: గంగరత్నను చూడటానికి వెళ్లిన ఆదివారం

ఫోన్ చేసిన మనిషి పేరు తిప్పేస్వామి. పావగడ తాలూకా క్యాతగానచెర్లు ఆయన ఊరు. సోలార్ పార్కులో పలకలు కడగడానికి ట్రాక్టరుతో నీళ్లు తోలుతాడు. నా నంబరు మడకశిరలో ఎవరో ఇచ్చారట. "అన్నా, మా ఇంటామె ఐదు నెలల్నుంచి మంచం మీదుండాది. బాగైతాదని డాక్టర్లు చెప్పినారు. బాగు కాదని ఈమె చెప్తాది. నువ్వొకతూరి వచ్చి చూడన్నా" అన్నాడు. జబ్బు పేరేమిటని అడిగితే ఆస్పత్రి కాగితం తెచ్చుకుని కూడబలుక్కుంటూ చదివాడు. పేరు సగం పలికేసరికే నాకు అర్థమైంది. ఏడేళ్ల క్రితం నా కాగితం మీద రాసిందీ అదే.

ఈ బ్లాగు కొత్తగా చదివేవాళ్ల కోసం నా సంగతి కొంచెం చెప్పాలి. నేను హిందూపురంలో బస్సు కండక్టరుగా పనిచేసేవాణ్ణి. ఒకసారి జ్వరం వచ్చి తగ్గింది. పది రోజులకు అరికాళ్లలో తిమ్మిరి మొదలైంది. మర్నాడు టికెట్ మిషను నొక్కడానికి వేలికి బలం చాలలేదు. ఆ మర్నాడు మంచం దిగబోతే కాళ్లు రాలేదు. నాలుగో రోజుకు ఊపిరి అందక బెంగళూరులో గొంతులో గొట్టం వేశారు. గులియన్ బారీ అంటారు దీన్ని. రోగాలతో పోట్లాడాల్సిన శక్తి దారి తప్పి మన నరాల మీదే పడుతుంది. చాలామందికి మెల్లగా తగ్గుతుందని డాక్టర్లు చెబుతారు. ఆ 'మెల్లగా' అంటే ఎంతో మంచం మీద ఉన్నవాడికే తెలుస్తుంది. కనురెప్పలు తప్ప ఏమీ కదలని రోజులు నాకు ఇరవై రెండు. లేచి కూర్చోవడానికి ఐదు నెలలు పట్టింది, కర్ర పట్టుకుని వీధి చివరి దాకా నడవడానికి ఏడాదిన్నర. ఇప్పటికీ కుడి పాదం ముందు భాగం పైకి లేవదు. బూటులో ప్లాస్టిక్ పట్టీ పెట్టుకుని నడుస్తాను.

ఉద్యోగంలోకి తిరిగి తీసుకున్నారు గానీ బస్సెక్కించలేదు. పాసులిచ్చే కౌంటరులో కూర్చోబెట్టారు. తెల్లారి లేస్తే వందల మందితో మాట్లాడినవాణ్ణి, అద్దం వెనక ఫొటోలు అంటించుకుంటూ కూర్చునేవాణ్ణి. బతికి బయటపడ్డానన్న సంతోషం ఆరు నెలలు నిలిచింది. ఆ తర్వాత, బతికి ఏం చేస్తున్నానన్న ప్రశ్న మిగిలింది. ఒకరోజు ఒకామె భర్త కోసం రాయితీ పాసుకు వచ్చింది. ఆమె ఇచ్చిన సర్టిఫికెట్టులో నా జబ్బు పేరే ఉంది. మాటల్లో ఆ సంగతి చెప్పాను. ఆమె నా కర్ర వైపు చూసి వెళ్లిపోయింది. మర్నాడు భర్తను చక్రాల కుర్చీలో తీసుకొచ్చింది. ఆయన నన్ను లేచి నిలబడమన్నాడు. నాలుగడుగులు వేయమన్నాడు. వేశాను. చూసి వెళ్లిపోయాడు. రెండు నెలలకు ఆయన గోడ పట్టుకుని నిలబడ్డాడని ఆమె వచ్చి చెప్పింది. అప్పటి నుంచి, ఎవరైనా పిలిస్తే ఆదివారాలు వెళ్లి వస్తున్నాను. దారి సంగతులు ఇక్కడ రాస్తున్నాను. కాళ్లు సరిగా సహకరించనివాళ్లు ఇల్లు కదలకపోవడానికి సగం కారణం, దారిలో ఏముంటుందో తెలియకపోవడమే కాబట్టి.

జనవరి చివరి ఆదివారం ఉదయం ఆరుంబావుకు హిందూపురంలో మడకశిర బస్సెక్కాను. పాత బస్సులకు మొదటి మెట్టు మోకాలెత్తు ఉంటుంది. బస్సును అరుగు పక్కకు ఆనించి ఆపమని డ్రైవరును అడగండి. ఇరవై ఏళ్లు బెల్లు కొట్టినవాణ్ణి, కాదన్న డ్రైవర్లను ఒకరిద్దరి కంటే ఎక్కువ చూడలేదు. మడకశిర చేరేసరికి ఏడున్నర. పావగడ బస్సు ఏడూ యాభైకి దొరికింది. ఈ రెండు బస్సులకూ కలిపి నూరు రూపాయల లోపే అవుతుంది. ఆంధ్రాలో ఇచ్చిన రాయితీ పాసు కర్ణాటక బస్సులో చెల్లుతుందనుకోకండి, ఎక్కే ముందు అడగండి. దారి పొడవునా చెనక్కాయ, అదే వేరుశెనగ, పీకేసిన ఎర్రటి బీళ్లు, చింతచెట్లు, గుండ్రాళ్ల గుట్టలు. సరిహద్దు దాటినట్టు బోర్డులు కన్నడంలోకి మారితే తప్ప తెలియదు. బస్సులో మాటలు మాత్రం మారవు. కండక్టరు కన్నడంలో టికెట్ అడుగుతాడు, ముసలాయన తెలుగులో ఊరి పేరు చెబుతాడు, ఇద్దరికీ ఏ ఇబ్బందీ ఉండదు.

తొమ్మిదికి పావగడలో దిగాను. కోట ఉన్న కొండ ఊరి మీదే వాలినట్టు ఉంటుంది. బస్టాండు దగ్గర నేను టిఫిను చేసిన హోటల్లో బల్లలు నేలకు బిగించి ఉన్నాయి, కాళ్లు లోపలికి దూర్చి కూర్చోవడం కష్టం. నేను అటూ ఇటూ చూస్తుంటే ఇడ్లీలు వేస్తున్న పెద్దాయన లోపల్నుంచి తన కుర్చీ తెచ్చి వేశాడు. కమోడ్ ఎక్కడుందని అడిగితే పక్కనున్న లాడ్జికి పంపాడు. అక్కడివాళ్లు పది రూపాయలు తీసుకున్నారు. ఊళ్లలో కమోడ్ ఉంటుందని నమ్మకం లేదు కాబట్టి ఈ పని పావగడలోనే చూసుకోవాలి.

క్యాతగానచెర్లు అక్కడికి ఇరవై కిలోమీటర్ల పైనే. బస్సులున్నాయి గానీ ఆదివారం తక్కువ. నేను ఆటో మాట్లాడుకున్నాను. రాను, పోను, మధ్యాహ్నం ఒంటిగంట దాకా అక్కడ ఆగడానికి కలిపి ఎనిమిది వందలు. డ్రైవరు మారెప్పది తిరుమణి. నలభై ఐదేళ్లుంటాయి. వాళ్ల ఊరి పొలాలన్నీ సోలార్ పార్కుకు కౌలుకు వెళ్లాయని, తన ఆరెకరాలూ పలకల కిందే ఉన్నాయని దారిలో చెప్పాడు. కౌలు వస్తుంటే ఆటో నడపడమెందుకని అడిగాను. "వానకు మొగం ఎత్తి చూసేది తప్పిందప్పా, అది మేలే. అయితే పొద్దన్నే లేస్తే యాడికి పోవల్లనో తెలీకుండా పాయ. రెండేండ్లు అరుగు మీద కూర్చున్నా. కూర్చుంటే మనిషి చెడిపోతాడు" అన్నాడు. నాకు పాసుల కౌంటరు గుర్తొచ్చింది.

తిరుమణి దగ్గర పడేకొద్దీ రోడ్డుకు రెండు పక్కలా ఇనుప కంచె మొదలవుతుంది. కంచె వెనక కనుచూపు మేర నల్లటి పలకలు, అన్నీ ఒకే పక్కకు వాలి ఉంటాయి. ఆటో పోతున్నంతసేపూ వరసల మధ్య సందులు తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపిస్తాయి. ఒకచోట నలుగురైదుగురు ఆడవాళ్లు తలకు గుడ్డలు చుట్టుకుని పలకల కింద గడ్డి కోస్తున్నారు. నీడ పడితే కరెంటు తగ్గుతుంది కాబట్టి గడ్డి ఎదగనివ్వరట. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. టోపీ, నీళ్లు లేకుండా ఈ రోడ్డు మీదికి రావద్దు. చూడటానికి వచ్చేవాళ్లు రోడ్డు మీంచే చూడాలి, కంచె లోపలికి అనుమతి లేనిదే వెళ్లనివ్వరు.

పదిన్నర దాటాక తిప్పేస్వామి ఇంటి ముందు దిగాను. కొత్తగా కట్టిన ఇల్లు. పునాది ఎత్తు లేపారు, నాలుగు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. ఆ మెట్ల ముందు నేను ఒక నిమిషం ఆగాను. తిప్పేస్వామి పరుగున వచ్చి చేయి పట్టబోతే వద్దని, ఆయన భుజం మీద నా చేయి వేసి, ఎడమ కాలు ముందు పెట్టి ఒక్కొక్క మెట్టే ఎక్కాను. తలెత్తేసరికి ఎదురుగా తెరిచిన తలుపు, లోపల ఇనుప మంచం, మంచం మీంచి నన్నే చూస్తున్న మనిషి.

గంగరత్నకు ముప్పై ఆరేళ్లు. జబ్బు రాకముందు పలకల కింద గడ్డి కోసే ఆడవాళ్ల జట్టుకు ఆమే మేస్త్రి. ఎవరు ఏ వరస కోయాలో, ఎవరికి ఎప్పుడు సెలవో ఆమే చెప్పేదట. వానాకాలంలో విరేచనాలు పట్టుకుని తగ్గాయి. వారం తర్వాత ఒక పొద్దున పనిలో ఉండగా కొడవలి చేతిలో నిలవలేదు. తోటివాళ్లు నవ్వారు, ఆమే నవ్వింది. సాయంత్రానికి రెండు వరసల మధ్య కూలబడిపోయింది. బెంగళూరులో పెద్దాస్పత్రిలో నెలన్నర. ఊపిరికి ఇబ్బంది రాలేదు గానీ కాళ్లు పూర్తిగా, చేతులు ముప్పాతిక పోయాయి. ఇంటికి పంపేటప్పుడు చేయాల్సిన వ్యాయామాల కాగితం ఇచ్చారు. పావగడ నుంచి ఒక ఫిజియోథెరపిస్టు రెండు వారాలు వచ్చి వెళ్లాడు. ఆ తర్వాత గంగరత్న ఇక రావద్దని చెప్పించింది. కాగితం గోడకు అలాగే ఉంది. ఇదంతా నాకు చెప్పింది తిప్పేస్వామి, ఆయన తల్లి హనుమక్క.

నేను నాకు అలవాటైన మాటలు మొదలుపెట్టాను. గొట్టం వేసిన రోజుల నుంచి, మొదటిసారి బొటనవేలు కదిలిన రోజు దాకా. ఆమె చివరిదాకా విని అంది: "నాలుగు మెట్లెక్కలేకపోతివి. నాకేం చెప్పేకొస్తివన్నా?"

తిప్పేస్వామి తలదించుకున్నాడు. ఎక్కాను కదమ్మా, భుజం పట్టుకుని ఎక్కాను అన్నాను. "నీకు నెల జీతం ఉండాది, కుర్చీలో కూర్చునే పని ఉండాది. నేను వంగి గడ్డి కొయ్యల్ల. గోడ పట్టుకొని నడిచేదానికి ఎవురు పనిస్తారు?" అని ఆమె మొహం గోడ వైపు తిప్పుకుంది. అది నిజమే. ఇంతకుముందు నేను వెళ్లిన పది ఇళ్లలో ఎవరూ నన్నిలా అడగలేదు.

పన్నెండుకు హనుమక్క అన్నం పెట్టింది. రాగిముద్ద, పప్పుచారు, చెనక్కాయల చట్నీ. నాకు కుర్చీ ముందు స్టూలు వేసింది. కోడలి పక్కన కూర్చుని ముద్ద చిన్న చిన్న ఉండలు చేసి, చారులో అద్ది నోట్లో పెడుతోంది. అప్పుడొక సంగతి చూశాను. గంగరత్న మొహం మీద ఈగ వాలింది. ఆమె కుడి చేయి లేచి దాన్ని తోలి, మళ్లీ దుప్పటి మీద పడింది. మొహం దాకా లేచే చేయి నోటి దాకా లేస్తుంది. ఆ సంగతి నాలో పెట్టుకుని తర్వాత నెమ్మదిగా చెప్పాల్సింది. కానీ మెట్ల మాట ఇంకా లోపల గుచ్చుతోంది కాబోలు, అందరి ముందూ అనేశాను. "పెద్దమ్మా, నువ్వు తినిపించొద్దు. ఆమె చేత్తో ఆమె తినగలదు. నువ్విట్లా చేస్తే ఆ చేయి ఎప్పటికీ రాదు" అని.

హనుమక్క చేయి గాలిలో ఆగింది. గంగరత్న కళ్లలోంచి నీళ్లు కారి చెవుల్లోకి పోతున్నాయి. తుడుచుకోలేదు. హనుమక్క కొంగుతో కోడలి మొహం తుడిచి, నా వైపు చూడకుండా అంది: "అన్నం తినేటప్పుడు ఏడిపిచ్చేది ఏం వైద్యమప్పా ఇది? నా బిడ్డకు నేను పెట్టుకుంటాండ. నీకేం బరువు?" తిప్పేస్వామి తల్లిని ఊరుకోమన్నాడు. నేను తప్పయిందని చెప్పాను. నిజంగానే తప్పయింది. మంచం మీద ఉన్నప్పుడు మా అమ్మ తినిపిస్తుంటే నాకు ఎలా ఉండేదో నేను మరిచిపోయి మాట్లాడాను. అన్నం ఎలాగో ముగించి, చేయి కడుక్కుని, బయలుదేరతానన్నాను. ఉండమని ఎవరూ అనలేదు. మారెప్ప మెట్ల కింద ఆటో తిప్పి పెట్టాడు.

గడప దాటబోతుంటే కుడి బూటు మొన గడపకు తగిలింది. పట్టుకోవడానికి పక్కన ఏమీ లేదు. గది లోపలికే, ఎడమ భుజం మీద పడ్డాను. కర్ర ఎగిరి మంచం కిందికి పోయింది. తిప్పేస్వామి, మారెప్ప ఇద్దరూ లేపడానికి ఉరికారు. నన్ను ముట్టుకోవద్దన్నాను. చంకల కింద చేతులు వేసి లాగితే నా భుజం పట్టేస్తుంది, లేపేవాళ్ల నడుమూ పోతుంది. కాసేపు అలాగే పడుకుని ఎక్కడైనా విరిగిందేమో చూసుకున్నాను. ఏమీ కాలేదు. అప్పుడు లేవడం మొదలుపెట్టాను. బోర్లా తిరిగాను. మోచేతుల మీద లేచాను. మోకాళ్లు ఒక్కొక్కటే కడుపు కిందికి తెచ్చుకున్నాను. చిన్నపిల్లల్లా దోగాడుతూ మంచం దాకా వెళ్లాను. రెండు చేతులతో మంచం పట్టె పట్టుకుని, ఎడమ పాదం నేల మీద ఆనించి, ఊపిరి బిగబట్టి ఒక ఊపులో లేవబోతే రాలేదు. మళ్లీ మోకాళ్ల మీద కూర్చున్నాను. రెండోసారి లేచాను. అంతా కలిపి నాలుగైదు నిమిషాలు పట్టి ఉంటుంది. పంచ మోకాళ్ల పైకి పోయింది, చొక్కా వెనక దుమ్ము, చెమట. ఒకాయన ఇంట్లో ఆడవాళ్ల ముందు అలా దోగాడటం నాకు బాగా సిగ్గనిపించింది. దాచడానికేమీ లేదు, అందుకే రాస్తున్నాను.

మోకాళ్ల మీద ఉన్నప్పుడు నా మొహం, గంగరత్న మొహం ఒకే ఎత్తులో ఉన్నాయి. ఆమె గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. దెబ్బ తగిలిందా అని అడిగింది. లేదన్నాను.

"దినామూ పడతావా?"

"దినామూ పడను. నెలకో రెండు నెలలకో."

"బయం లేదా నీకు?"

"ఉండేది. లేచేది నేర్చుకున్నాక తగ్గింది. ఇప్పుడు పడితే సిగ్గే ఉంది, బయం లేదు."

ఆమె భర్తను, ఆటో ఆయన్ను బయట కూర్చోమంది. నన్ను వెళ్లమనలేదు. హనుమక్క మంచం పక్కనే ఉంది. అప్పుడు గంగరత్న చెప్పింది. ఇంటికొచ్చిన మూడో వారం తిప్పేస్వామి ఒక్కడే ఆమెను లేపి స్నానానికి బచ్చలింట్లోకి తీసుకెళ్తుంటే ఇద్దరూ జారారు. నీళ్లలో పడింది. ఆయన వల్ల లేపడం కాలేదు. అత్త ఇంట్లో లేదు. ఆయన భయపడి వీధిలోకి వెళ్లి నలుగురు మగవాళ్లను పిలుచుకొచ్చాడు. "నా ఒంటి మీద గుడ్డ సరింగా లేదన్నా. కప్పుకునేకి చెయ్యి లేయదు. నలుగురూ ఎత్తినారు. అందురూ మన వీధోళ్లే, అన్నా తమ్ముడని పిలిచేటోళ్లు. ఆ పొద్దు అనుకుంటి, ఇంగ ఈ మంచం దిగేదే వద్దని." తిప్పేస్వామికి అప్పటికి ఈ కారణం తెలియదు; తర్వాత ఆమే ఆయనకు చెప్పి, నన్ను ఇక్కడ రాయమంది. ఆయన ఆ రోజు సాయానికి మనుషులను పిలిచాననే అనుకుంటూ వచ్చాడు. హనుమక్కకూ అప్పుడే తెలిసింది. ఆమె కోడలి కాళ్ల మీద చేయి వేసి కూర్చుంది.

ఆస్పత్రిలో నన్ను ఎంతమంది ఎలా ఎత్తి దించారో నాకు జ్ఞాపకం ఉంది. మగవాణ్ణి, నాకే బాధేసింది. ధైర్యంగా ఉండమని చెప్పే సందర్భం కాదది. పనికొచ్చేది చెప్పాలి. నైటీ లోపల చుడీదారు ప్యాంటు, పైన పొడుగు చేతుల చొక్కా వేసుకో, పడినా గుడ్డ జరగదు అన్నాను. తువ్వాలు పొడుగ్గా మడిచి నడుముకు కట్టి, వెనక దాన్ని పట్టుకుంటే ఒక్క ఆడమనిషే ఆపగలదని హనుమక్క చేత నా నడుముకు కట్టించి చూపించాను. ముందు నేల మీద పరుపు వేసి, అక్కడి నుంచి బోర్లా తిరగడం, మోచేతుల మీద లేవడం మొదలుపెట్టమన్నాను. అయితే నేను డాక్టరును కాను, ఏది ఎప్పుడు చేయాలో ఆ ఫిజియోథెరపిస్టును అడిగే చేయాలని, వీలైతే ఆడమనిషిని పంపమని అడగమని చెప్పాను. పని సంగతి నాకు తెలియదని ఒప్పుకున్నాను. మళ్లీ గడ్డి కోయగలవో లేదో చెప్పలేను, మరొకరి చేయి లేకుండా బచ్చలింటికి వెళ్లగలిగే రోజు మాత్రం రావచ్చు అన్నాను. ఆమె విని, "అది చాలు ముందు" అంది.

తర్వాత ఆమె అడిగింది నేను ఊహించలేదు. ఇందాక ఎట్లా లేచినావో మళ్లీ ఒకతూరి చూపించమంది. హనుమక్క వద్దప్పా అంది. నేను నేల మీద కూర్చుని, పడుకుని, మొదట్నుంచీ చేశాను. ఈసారి ప్రతి కదలికకూ ఏ చేయి ఎక్కడ ఆనించానో చెబుతూ చేశాను. గంగరత్న మధ్యలో ఆపి, మోకాలు ముందు తేవాలా మోచేయి ముందా అని అడిగింది. మేస్త్రి అని వాళ్లు చెప్పింది నిజమే, చూడటంలోనే పని నేర్చుకునే మనిషి ఆమె. నేను లేచాక హనుమక్క ఆమెను మంచం అంచుకు జరిపి కాళ్లు కిందికి వేలాడదీసింది. పాదాలు నేలకు ఆనాయి. వెనక అత్త పట్టుకుని ఉండగా ఆమె అలా కూర్చుంది, మెడ వణుకుతోంది. నేల చల్లగుండాదని చెప్పింది. మిగిలిన ముద్ద తెమ్మంది. మూడు ఉండలు తన చేత్తో తింది. నాలుగోది దుప్పటి మీద పడింది. హనుమక్క తీయబోతే, "ఉండత్తా" అని తనే తీసుకుంది.

నేను ఆటో ఎక్కేసరికి మూడు దాటింది. మారెప్ప రెండు గంటలు ఎక్కువ ఆగినందుకు ఏమీ అడగలేదు, నేనే ఇంకో రెండు వందలు ఇచ్చాను. పావగడలో నాలుగున్నరకు మడకశిర బస్సు దొరికింది. అక్కడ ఆరింటికి హిందూపురం బస్సు. ఇల్లు చేరేసరికి ఏడుంబావు. భుజం నొప్పి వారం ఉంది.

ఇది జరిగి నాలుగు నెలలైంది. మొదటి నెలంతా తిప్పేస్వామి నుంచి ఫోన్ రాలేదు, నేనూ చేయలేదు. మార్చిలో హనుమక్క చేసింది. పరుపు మీంచి మోకాళ్ల మీదికి లేస్తోందని, వారానికి రెండుసార్లు ఒక ఫిజియోథెరపీ అమ్మాయి వస్తోందని చెప్పింది. బచ్చలింట్లో గోడకు కమ్మీ పెట్టించారట. ఏప్రిల్లో వాకర్ పట్టుకుని గదిలో తిరిగింది. గడ్డి పనికి వెళ్లలేదు, ఎప్పటికి వెళ్తుందో తెలియదు. అయితే జట్టులోని ఆడవాళ్లు పొద్దున పనికి పోతూ ఆమె ఇంటి ముందు ఆగుతున్నారు, ఎవరికి ఏ వరసో మంచం మీంచే చెబుతోంది. పోయిన వారం మొదటిసారి గంగరత్నే నాకు ఫోన్ చేసింది. వెంకటమ్మనహళ్లిలో ఒకామెకు ఎడమ పక్క పడిపోయిందట. మూడు నెలలుగా ఎవరితోనూ మాట్లాడటం లేదట. "నేను పోయి చూసొస్తానన్నా. అత్త తోడొస్తాది. ఆటోలోకి ఎట్ల ఎక్కేది? అది చెప్పు ముందు" అంది.

బాగుపడినవాళ్లు బాగుపడని వాళ్లకు ధైర్యం చెప్పాలని నేను చాలాకాలం అనుకున్నాను. నా కథ బాగుందని, చెప్పగా చెప్పగా అది ఇంకా బాగైందని కూడా అనుకున్నాను. గంగరత్న దానిలో ఒక్క ముక్క కూడా తీసుకోలేదు. నాకు ఇంకా చేతకాని పనిలోంచి ఆమెకు కావాల్సింది తీసుకుంది. ఆ ఆదివారం తర్వాత నేను ఎవరింటికి వెళ్లినా ముందు కథ చెప్పడం మానేశాను. ఏ పని చేయడానికి భయపడుతున్నారో అడుగుతున్నాను. తెలిసిందయితే చేసి చూపిస్తున్నాను, తెలియకపోతే తెలియదని చెబుతున్నాను. పాసుల కౌంటరులో సోమవారం నుంచి శనివారం దాకా కూర్చోవడం నాకిప్పుడు అంత కష్టంగా లేదు.

ఇక ఈసారి చెప్పాల్సిన ఉపాయం ఒక్కటే. గంగరత్నకు ఫోన్లో చెప్పిందే మీకూ చెబుతున్నాను. ఆటోలోకి తల, కాలు ముందు పెట్టి ఎక్కబోకండి. ఆటో ఇంజను ఆపించండి. సీటుకు వీపు పెట్టి నిలబడండి, కమ్మీ పట్టుకుని ముందు కూర్చోండి. కూర్చున్నాక కాళ్లు ఒకటి తర్వాత ఒకటి చేతులతో ఎత్తి లోపల పెట్టుకోండి. డ్రైవరు తొందరపెట్టినా సరే, రెండో కాలు లోపలికి వచ్చేదాకా బండి కదలనివ్వకండి.